గురి కుదురుట ఎట్లు?

తెలుగున 'గురి' అను మాటకు బాణము తగులవలసిన చోటు అను అర్థమే గాక, నమ్మకము అను అర్థము కూడ కలదు. ఫలానా వైద్యునిపై గురి యున్నదందుము. ఈ రెండర్థములు ఒకే మాటలో ఇమిడియుండుట, విలువిద్యను, గోల్ఫు ఆటను పరిశీలించిన మనశ్శాస్త్రజ్ఞులకు వింతగా దోచదు.

వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలములో కల్లెడ అను పల్లె కలదు. ఆ పల్లెకు చెందిన వర్ధినేని ప్రణీత 2008లో బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో విలువిద్య పోటీలందు భారతదేశము పక్షమున పాల్గొనెను. ఆ పోటీలలో లక్ష్యఫలకము 70 మీటర్ల దూరమున నుండును. దాని వ్యాసము 122 సెంటీమీటర్లు. పది పాయింట్లు లభించు నడిమి వలయము 12.2 సెంటీమీటర్లు మాత్రమే. లెక్క కట్టి చూడుడు. బాణము వదలునపుడు దిశ అర డిగ్రీ తప్పినచో, 70 మీటర్లు పోవునప్పటికి అది 61 సెంటీమీటర్లు ప్రక్కకు తొలగి ఫలకము అంచునకు చేరును. నడిమి వలయములో పడవలెనన్న తప్పు డిగ్రీలో ఇరువదవ వంతును మించరాదు.

గోల్ఫులో ఇంత కాఠిన్యము లేదు గాని చిక్కు ఆ జాతిదే. బంతిని గుంటలోనికి మెల్లగా దొర్లించు దెబ్బను 'పట్' అందురు. గుంట వ్యాసము 108 మిల్లీమీటర్లు. మూడు మీటర్లనుండి కొట్టునపుడు సుమారొక డిగ్రీ వరకు తప్పు చెల్లును. ఈ ఆటను చూడనివారికి హైదరాబాదులో గోల్కొండ నయాఖిలా చెంత మైదానమొకటి కలదు.

కబడ్డీలో ఎదుటివాడు మీదికి వచ్చుచుండును. శంకించుటకు తీరిక యుండదు. ఇచ్చట అట్లు కాదు. బంతి కదలదు, ఫలకము కదలదు, ఆటగాడే మొదలు పెట్టవలెను. ఆ రెండు మూడు సెకన్ల తీరికలోనే శంక దూరును. 'ఇది తప్పిన నేమగును? నా మోచేయి సరిగా నున్నదా?' అని మనస్సు చేతివైపు తిరుగును. చేయి చెడునది అప్పుడే.

అమెరికాలో సియాన్ బైలాక్, ఆమె సహచరులు 2004లో ప్రచురించిన ప్రయోగములో కొత్తవారిచేతను, ఆరితేరినవారిచేతను పట్ కొట్టించిరి. ఒకమారు తమ చేతి కదలికను గమనింపుమనిరి. మరొకమారు దృష్టిని వేరొక పనిపై నిలుపుమనిరి. కొత్తవారు చేతిని గమనించినపుడు మెరుగుగా కొట్టిరి. ఆరితేరినవారి విషయము తలక్రిందులయ్యెను: చేతిని గమనించినపుడే వారికి ఎక్కువగా తప్పెను. అభ్యాసము ముదిరిన పనిని మెదడు ఒక్కొక్క మెట్టుగా కాక మొత్తముగా నడుపును. వరంగల్లు కొత్తవాడలో దుర్రీలు నేయు నేతగాడు ఏ పోగునకు ఏ వ్రేలు అని తలపోయడు; తలపోసినచో పని కుంటుపడును. నేర్చుకొనునపుడు మేలు చేసిన సలహాయే పోటీనాడు కీడు చేయును. శిక్షకులలో పలువురు ఈ భేదమును పాటింపక, ఆఖరి నిముషములో "మోచేయి! మోచేయి!" అని కేకలు వేయుదురు.

మరి మనస్సును ఎచ్చట నిలుపవలెను? కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయమునకు చెందిన జోన్ వికర్స్ 1992లో గోల్ఫు ఆటగాండ్ర చూపును పరికరముతో కొలిచి ప్రకటించెను. నేర్పరుల చూపు దెబ్బకు ముందు సుమారు రెండు సెకన్లు బంతిపై కదలక నిలిచెను. తక్కినవారి చూపు బంతికి, కఱ్ఱకు, గుంటకు మధ్య తిరుగాడెను. అనగా ఏకాగ్రత యనునది కండ్లు మూసి తెచ్చుకొను స్థితి కాదు. కంటికి ఒక చోటు చూపించుటయే.

నమ్మకము సంగతి వేరు. అల్బర్ట్ బందూరా 1977లో చెప్పినట్లు, మాటలతో ధైర్యము చెప్పుటకన్న స్వయముగా సాధించిన పని ఎక్కువ బలమైనది. కనుకనే విలుకాండ్రు దగ్గర ఫలకముతో ఆరంభింతురు. గోల్ఫులో అరమీటరు నుండి మొదలు పెట్టి క్రమముగా వెనుకకు జరుగుట మంచిది. తనవంటివారు సాధించుట చూచుట కూడ బలమిచ్చును. ఆ కల్లెడకే చెందిన జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగున కాంస్యపతకము గెలిచినది. ఆ ఊరి పిల్లలకు ఒలింపిక్ క్రీడలు మరీ దూరపు మాట కాదు.

బైలాక్ ప్రయోగమును పాఠశాలలో గోలీలతో చేసి చూడవచ్చును. మూడు మీటర్ల దూరమున చిన్న గుంట త్రవ్వి, ఒక్కొక్కరిచేత ఇరువది గోలీలు వేయించవలెను. పదింటికి తన వ్రేలి కదలికను గమనింపుమనవలెను. పదింటికి నూరునుండి వెనుకకు పైకి లెక్కింపుమనవలెను. ఏది ముందు చేయవలెనో విద్యార్థికి విద్యార్థికి మార్చవలెను. ఆరితేరినవారి ఫలితములను, కొత్తవారి ఫలితములను వేరు వరుసలలో వ్రాయవలెను. కలిపి కూడినచో భేదము కనబడకుండ పోవచ్చును.