కాలరీల లెక్క: ప్రయోగశాల నుంచి ఫోను దాకా

1890ల్లో అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ ఆట్వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త, భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ రోజాతో కలిసి ఒక విచిత్రమైన గది కట్టించాడు. లోపలి గోడలు రాగి రేకుతో చేసినవి. మడత మంచం, బల్ల, కుర్చీ పట్టేంత చోటు. అందులో ఒక మనిషి రోజుల తరబడి తిని, పడుకుని, చదువుకుని, కదలని సైకిలు తొక్కేవాడు. అతని ఒంటి వేడిని గొట్టాల్లో పారే చన్నీళ్లు బయటికి మోసుకొచ్చేవి. ఆ నీళ్లు ఎంత వేడెక్కాయో చూసి, ఒళ్లు ఎంత శక్తి ఖర్చుపెట్టిందో తేల్చేవారు.

గ్రాము పిండిపదార్థానికి 4, ప్రొటీనుకు 4, కొవ్వుకు 9 కాలరీలన్న లెక్క ఆట్వాటర్ ప్రయోగాల ఫలమే. బిస్కెట్ ప్యాకెట్ మీద అచ్చయ్యే అంకెకూ, ఫోనులో ఆహారం నమోదు చేసుకునే యాప్ చూపే అంకెకూ పునాది అదే.

లెక్క తెలిస్తే సరిపోదు, ఏ పదార్థంలో ఏముందో పట్టిక కావాలి. మన దేశంలో ఆ పని కూనూరులోని పరిశోధనశాలలో సాగింది. దాని డైరెక్టరు డబ్ల్యు. ఆర్. ఐక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారాల పోషక విలువలను చిన్న పుస్తకంగా తెచ్చాడు. 1958లో ఆ సంస్థ హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. 2017లో అది వెలువరించిన పట్టికల్లో 528 ఆహారాలున్నాయి. కందిపప్పు, తోటకూర, రాగుల గురించి మనం నమ్మదగిన అంకెలకు ఇలాంటి ప్రయోగశాలల కష్టమే ఆధారం.

ఇక యాప్ పుట్టుక. అమెరికాలో మైక్ లీ అనే ప్రోగ్రామర్ పెళ్లికి ముందు బరువు తగ్గాలనుకున్నాడు. శిక్షకుడు సుమారు 3,000 ఆహారాల కాలరీల జాబితా చేతికిచ్చి, తిన్నదల్లా కాగితం మీద రాసుకోమన్నాడు. లీ కాగితం పక్కనపెట్టి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. 2005లో మైఫిట్‌నెస్‌పాల్ అలా మొదలైంది. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక బార్‌కోడ్‌ను చదివే కెమెరా తోడైంది. 1974 జూన్ 26న ఒహాయోలోని ట్రాయ్ పట్టణంలో చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో దుకాణాల్లో అడుగుపెట్టిన బార్‌కోడ్ ఇప్పుడు వంటింటి లెక్కలకూ పనికొచ్చింది.

బార్‌కోడ్ గీతల్లో కాలరీలేమీ ఉండవు. మన సరుకుల మీద సాధారణంగా కనిపించేది 13 అంకెల సంఖ్య. మన దేశంలో నమోదైనవి 890తో మొదలవుతాయి. యాప్ ఆ సంఖ్యను తన దగ్గరున్న సమాచారంలో వెతికి, లేబుల్ మీది వివరాలు చూపిస్తుంది. వాటిని ఎక్కించినవాళ్లు పొరపడితే తెర మీదా పొరపాటే వస్తుంది.

పప్పుచారుకు బార్‌కోడ్ లేదు. ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కాలరీలుంటాయి. ఉడికి నీళ్లు పీల్చుకున్నాక 100 గ్రాముల అన్నంలో ఉండేవి 130 చిల్లరే. యాప్‌లో అన్నానికి బదులు బియ్యం నొక్కితే లెక్క రెండింతలు దాటిపోతుంది.

దీనికి తోడు మన జ్ఞాపకం. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్న కొందరిని పరిశోధకులు పరీక్షించి 1992లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లు అసలు తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువ చెప్పారు. అయినా రాసుకోవడం వృథా కాదు. 2008లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో దాదాపు 1,700 మందిని గమనిస్తే, రోజూ రాసినవాళ్లు అసలు రాయనివాళ్లకంటే రెండింతలు బరువు తగ్గారు.

అందుకే భోజనంతోపాటు సరుకులూ నమోదు చేయమంటాను. తాలింపులో ఎంత నూనె పడిందో ఎవరికీ గుర్తుండదు గానీ, డబ్బా ఎప్పుడు విప్పామో, ఎప్పుడు అయిపోయిందో తేలిగ్గా రాసుకోవచ్చు. అయిదు లీటర్ల నూనె అంటే సుమారు 4,550 గ్రాములు. నలుగురున్న ఇంట్లో అది నెలకు అయిపోతే మనిషికి రోజుకు 38 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కాలరీల భోజనానికి నూనె, కొవ్వులు కలిపి సూచించినది 27 గ్రాములు. ఆ ఇంట్లో నూనె ఎంత తగ్గించాలో ఈ రెండు తేదీలతోనే తెలిసిపోతుంది. యాప్‌ను ముందుగా వాడవలసింది ఇలాంటి పనికే.