పెరిగిన కార్బన్ ఎక్కడిది?

భూతాపం గురించి మాట మొదలైతే చాలు, ఒక లెక్క తప్పకుండా బయటికొస్తుంది. అడవులు, నేలలు, సముద్రాలు కలిసి ఏటా గాలిలోకి వదిలే కార్బన్ సుమారు 20,000 కోట్ల టన్నులు. బొగ్గు, చమురు, గ్యాసు మండించి మనిషి వదిలేది దాదాపు 1,000 కోట్ల టన్నులు. అంటే ఇరవయ్యో వంతు. ఈ మాత్రానికి ఇంత గగ్గోలెందుకని అడుగుతారు. లెక్కలో తప్పు లేదు గానీ అది సగం లెక్కే. ప్రకృతి ఏటా వదిలినంత కార్బన్‌నూ ఆకుల ద్వారా, సముద్రపు నీటి ద్వారా మళ్లీ తనలోకి తీసుకుంటుంది. వచ్చిన నీరు వచ్చినట్టే తూముల గుండా పోతున్న చెరువులోకి కొత్తగా ఒక పిల్లకాలువ మళ్లిస్తే, అదెంత చిన్నదైనా మట్టం పెరగక తప్పదు. 1958లో చార్ల్స్ డేవిడ్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద కొలతలు మొదలుపెట్టినప్పుడు గాలిలోని ప్రతి పది లక్షల అణువుల్లో సుమారు 315 కార్బన్ డయాక్సైడ్‌వి. ఇప్పుడవి 420 దాటాయి. పారిశ్రామిక యుగానికి ముందు 280 ఉండేవని అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాతకాలపు గాలి బుడగలు చెబుతున్నాయి. గత ఎనిమిది లక్షల ఏళ్లలో ఆ సంఖ్య ఎన్నడూ 300ను పెద్దగా మించలేదు.

మట్టం పెరిగింది సరే, ఆ పెరుగుదల మనిషి వల్లనే అని రుజువేమిటి? అగ్నిపర్వతాలు కావచ్చు, వేడెక్కిన సముద్రాలు కావచ్చు, అడవుల నరికివేత కావచ్చు. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు వాతావరణ నమూనాల్లోనో కంప్యూటర్ అంచనాల్లోనో వెతకనక్కర్లేదు. కార్బన్ పరమాణువులోనే ఉంది. కార్బన్ పరమాణువులు మూడు బరువుల్లో దొరుకుతాయి. నూటికి తొంభై తొమ్మిది కార్బన్-12. సుమారు ఒక శాతం కార్బన్-13. అత్యంత అరుదుగా కార్బన్-14. ఈ మూడోది ఆకాశపు పైపొరల్లో కాస్మిక్ కిరణాల తాకిడికి నత్రజని నుంచి పుడుతూ ఉంటుంది, 5,730 ఏళ్లకు సగం చొప్పున తరిగిపోతుంది. బతికున్న చెట్టులో అది ఉంటుంది. కోట్ల ఏళ్లుగా భూగర్భంలో ఉన్న బొగ్గులో ఆనవాలు కూడా మిగలదు. కాబట్టి గాలిలో చేరుతున్నది బొగ్గు నుంచి వచ్చిన కార్బన్ అయితే, గాలిలోని కార్బన్-14 పలచబడాలి. సరిగ్గా అదే జరిగిందని 1955లో హాన్స్ సూస్ చెట్ల వార్షిక వలయాలను పరీక్షించి చూపించాడు. ఆయన సరైన సమయానికే చూశాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే అణుబాంబు పరీక్షలు గాలిలోని కార్బన్-14ను దాదాపు రెట్టింపు చేసి, ఈ పలచబాటును కప్పేశాయి.

అయితే ఈ ఒక్క సాక్ష్యంతో అగ్నిపర్వతాలకు పాత్ర లేదని తేల్చలేం. వాటి నుంచి వచ్చే వాయువులోనూ కార్బన్-14 ఉండదు. ఇక్కడ కార్బన్-13 అక్కరకొస్తుంది. కిరణజన్య సంయోగక్రియలో మొక్క తేలికైన కార్బన్-12ను ఎక్కువగా ఎంచుకుంటుంది. అందుకే మొక్కల నుంచి పుట్టిన బొగ్గులోనూ, సూక్ష్మజీవుల నుంచి పుట్టిన చమురులోనూ కార్బన్-13 పాలు తక్కువ. అగ్నిపర్వత వాయువులో, సముద్రపు నీటిలో కరిగిన కార్బన్‌లో అంత లోటు ఉండదు. గాలిలో కార్బన్-13 పాలు నూటయాభై ఏళ్లకు పైగా తగ్గుతూనే వస్తోంది. అంటే కొత్తగా చేరిన కార్బన్ ఒకప్పుడు ఏదో జీవి శరీరంలో ఉన్నదే. మరి నరికి కాల్చిన అడవులదేమో? వాటి పాత్ర కొంత ఉంది, కాదనలేం. కానీ నిన్నమొన్నటి చెట్టులో కార్బన్-14 ఉంటుంది కనుక సూస్ చూసిన పలచబాటుకు అది కారణం కాలేదు. జీవి నుంచి వచ్చింది, పైగా ఎంతో పాతది: ఈ రెండు లక్షణాలూ కలిసేది శిలాజ ఇంధనంలోనే. మూడో సాక్ష్యం ఆక్సిజన్. ఏది మండినా ఆక్సిజన్ ఖర్చవుతుంది. అగ్నిపర్వతమో సముద్రమో కార్బన్ డయాక్సైడ్‌ను ఊరికే వదిలితే ఖర్చవదు. కీలింగ్ కుమారుడు రాల్ఫ్ కీలింగ్ 1980ల చివరి నుంచి చేస్తున్న కొలతల్లో గాలిలోని ఆక్సిజన్ ఏటా కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తోంది. ఊపిరికి ముప్పు తెచ్చేంత తగ్గుదల కాదది. మంట జరిగిందని సాక్ష్యం చెప్పడానికి మాత్రం చాలు. ఇంతకీ అగ్నిపర్వతాలు ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ 100 కోట్ల టన్నులకు లోపే, శిలాజ ఇంధనాలది, ఆక్సిజన్ బరువు కూడా కలుపుకొని, 3,700 కోట్ల టన్నులు.

సముద్రాల మీద పెట్టే అభ్యంతరంలో కొంత పస ఉంది. నీరు వేడెక్కితే అందులో కరిగిన వాయువు బయటికి వస్తుంది. మంచుయుగాలు ముగిసిన ప్రతిసారీ భూకక్ష్యలో వచ్చిన మార్పుల వల్ల మొదట వేడి పెరగడం, ఆ వేడికి సముద్రాలు కార్బన్ డయాక్సైడ్‌ను వదలడం, అది మరింత వేడిని తేవడం నిజంగానే జరిగింది. ఇప్పుడు జరుగుతున్నది అది కాదనడానికి సముద్రమే సాక్షి. మనం వదిలినదాంట్లో సుమారు నాలుగో వంతును అది తీసుకుంటోంది. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ కార్బోనిక్ ఆమ్లంగా మారి, హైడ్రోజన్ అయాన్లను విడుదల చేస్తుంది. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి ఉపరితల జలాల పీహెచ్ 8.2 నుంచి 8.1కి దిగింది. చూడ్డానికి చిన్న తేడా. కానీ పీహెచ్ లెక్క పదింతల మెట్లతో సాగేది కనుక, హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతానికి పైగా పెరిగినట్టు. ఆ అయాన్లు నీటిలోని కార్బొనేట్‌ను పట్టుకుంటాయి. గవ్వలు, పగడాలు తమ గూళ్లు కట్టుకునేది ఆ కార్బొనేట్‌తోనే. మరింత కార్బన్ డయాక్సైడ్‌ను ఇముడ్చుకునే శక్తి నీటికి వచ్చేదీ దానితోనే. అది తరిగే కొద్దీ సముద్రం చేసే సాయం కూడా తగ్గుతుంది.

కార్బన్ డయాక్సైడ్ గాలిలో 0.04 శాతమే కదా అనే వాదనకు పెద్ద జవాబు అక్కర్లేదు. మిగిలిన గాలిలో దాదాపు అంతా నత్రజని, ఆక్సిజన్, ఆర్గాన్. భూమి నుంచి పైకి పోయే పరారుణ కిరణాలను ఇవి ఆపవు. కార్బన్ డయాక్సైడ్ ఆపుతుందని జాన్ టిండాల్ 1859లోనే ప్రయోగశాలలో చూపించాడు.

అసలు చిక్కు వేగంలో ఉంది. ఆకు, నేల, గాలి, సముద్రపు పైనీరు మధ్య కార్బన్ ఏళ్లలో, దశాబ్దాల్లో తిరుగుతుంది. రాతికీ గాలికీ మధ్య తిరగడానికి లక్షల ఏళ్లు కావాలి. వాన నీటిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్ బేసాల్ట్ లాంటి రాళ్లను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. పశ్చిమ తెలంగాణ నల్లరేగడి అలా దక్కన్ లావా రాళ్లు అరిగి ఏర్పడినదే. కరిగిన ఖనిజం నదుల్లో సముద్రం చేరి చివరికి సున్నపురాయి అవుతుంది. మన ఇళ్లలో పరిచే తాండూరు, కడప నాపరాళ్లు అట్లా బందీ అయిన కార్బనే. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు ముందటి అడవులది. సిమెంటు బట్టీ ఈ రెంటినీ ఒకేచోట విప్పేస్తుంది. కింద బొగ్గు మండుతుంది. పైన వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. భూమి తనంతట తాను సర్దుకుంటుందనే మాట అబద్ధం కాదు. 5.6 కోట్ల ఏళ్ల కిందట ఇలాగే భారీగా కార్బన్ వెలువడి భూమి ఐదారు డిగ్రీలు వేడెక్కింది, మళ్లీ చల్లబడింది. అందుకు లక్ష ఏళ్లకు పైగా పట్టింది.

ఇందులో మన వంతు ఎంత అన్న ప్రశ్నను పక్కన పెట్టలేం. ఇంతవరకు శిలాజ ఇంధనాల నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు అమెరికాది, భారతదేశానిది నాలుగు శాతం లోపు. బాధ్యత సమానమని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కర్లేదు. అయితే పాత తప్పు వాళ్లదన్న కారణంతో కొత్తగా తవ్విన బొగ్గు వేడి తక్కువేమీ ఇవ్వదు.

మొక్కలు నాటి ఈ అప్పు తీరుస్తామనే హామీని కూడా పైన చెప్పిన వేగాల తేడాతోనే తూచాలి. మొక్క నాటడం మంచిపనే. నేలకు, నీటికి, నీడకు. కానీ చెట్టులో చేరిన కార్బన్ దశాబ్దాల చక్రంలోనే ఉంటుంది. కార్చిచ్చుకో, గొడ్డలికో, చెదలకో చిక్కితే మళ్లీ గాలిలోకే వస్తుంది. బొగ్గులోని కార్బన్ కోట్ల ఏళ్లు కదలకుండా ఉన్నది. ఇకమీదట ఏ సంస్థయినా కర్బన తటస్థత సాధించామని ప్రకటిస్తే, ఎన్ని మొక్కలు నాటిందని అడిగే ముందు ఎన్ని టన్నుల బొగ్గు కాల్చడం మానుకుందో అడగండి.