మీకు తెలుసా? పశువుకు వేసిన సూది రాబందును చంపింది

పశువుల నొప్పికి, వాపుకు వాడిన డైక్లోఫెనాక్ అనే మందు వల్ల, 1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి.

సూది వేసిన ఒకటి రెండు రోజుల్లో పశువు చనిపోతే మందు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఆ కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు దెబ్బతింటాయి. యూరిక్ ఆమ్లం గుండె మీద, కాలేయం మీద తెల్లటి పొడిలా పేరుకుంటుంది. కొద్ది రోజుల్లోనే ఆ పక్షి చనిపోతుంది. వంద కళేబరాల్లో ఒక్కదాంట్లో ఈ మందున్నా ఆ జాతి కూలిపోవడానికి చాలునని లెక్కగట్టారు. ఎంత ఘోరం!

పశువులకు ఈ మందును 2006లో నిషేధించారు. ఆవు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారే ఎసిక్లోఫెనాక్‌ను, దాంతోపాటు కీటోప్రొఫెన్‌ను నిషేధించడానికి మాత్రం 2023 దాకా ఆగాల్సి వచ్చింది.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో, బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందులు కనిపించాయి. ఇలాంటి పక్షులను కాపాడుకోవాలంటే, మన పశువుకు సూది వేయించేటప్పుడు మెలాక్సికామ్ ఇవ్వవచ్చేమో డాక్టరును అడగండి. నొప్పి తగ్గిస్తుంది, రాబందులకు హాని చేయదు.