మంచు రాకముందే

పెరట్లో బీన్స్ మడి, క్యారెట్ మడి పక్కపక్కనే ఉన్నాయనుకోండి. సాయంత్రం రెండూ పచ్చగా కళకళలాడుతున్నాయి. తెల్లవారేసరికి బీన్స్ ఆకులు వేడినీళ్లు పోసినట్లు నల్లబడి వాలిపోయాయి. రెండు నెలల శ్రమ వృథా అయింది. క్యారెట్ మొక్కలు మాత్రం నిలిచాయి. ఒక్క రాత్రిలో ఈ తేడా ఎందుకు వచ్చింది?

తమిళనాడులోని నీలగిరి కొండలపై ఉన్న ఉదకమండలంలో ఇటువంటి రాత్రులు వస్తుంటాయి. సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో సాధారణంగా నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గడ్డిమీద తెల్లగా మంచు పేరుకుంటుంది. మబ్బు లేక, గాలి వీచని రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. అప్పుడు గాలిలోని నీటి ఆవిరి ఆకులమీద మంచు పలుకులుగా మారుతుంది. చల్లని గాలి బరువైనది కనుక పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. అందువల్ల వాలులోని తోటలకంటె లోయలోని తోటలకు నష్టం ఎక్కువ.

బీన్స్, టమాటా, గుమ్మడి మంచుకు ఓర్వలేవు. ఆకులలోని నీరు గడ్డకట్టి కణాలు దెబ్బతింటాయి. క్యారెట్, క్యాబేజి, పాలకూర కొంతవరకు ఓర్చుకుంటాయి. చలి పెరిగేకొద్దీ ఇవి తమలో చక్కెరను పెంచుకుంటాయి. చక్కెర కలిసిన నీరు అంత త్వరగా గడ్డకట్టదు. చలికాలపు క్యారెట్ తియ్యగా ఉండటానికి ఇదొక కారణం.

కాబట్టి విత్తేముందు, మంచు పడే రోజునుంచి వెనక్కి లెక్క కట్టాలి. నవంబరు నడుమ మంచు మొదలవుతుందనుకుందాం. బీన్స్ కాపుకు రావడానికి సుమారు రెండు నెలలు, చలికి ఎదుగుదల మందగిస్తుంది కనుక మరో రెండు వారాలు, కాయలు కోసుకోవడానికి ఇంకో రెండు వారాలు కావాలి. అంటే ఆగస్టు నడుమకే విత్తనం నేలలో పడాలి. పాలకూరకు, ముల్లంగికి ఇంత తొందర లేదు.

మంచు పడేలా ఉన్ననాడు పగలే మడిని తడపాలి. తడినేల పగటి వేడిని ఎక్కువగా దాచుకుంటుంది. సాయంత్రం పుల్లలు పాతి, ఆకులకు తగలకుండా పాత గోనెపట్టా కప్పి, ఎండ వచ్చాక తీయాలి.

మీ ఊళ్లో మంచు పడకపోవచ్చు. అక్కడి పైరును దెబ్బతీసేది ఎండ కావచ్చు, వాన కావచ్చు. అది ఏ నెలలో వస్తుందో ఇంటి పెద్దలను అడగండి. ఆ నెలనుంచి వెనక్కి లెక్కించి, మీ పెరటిలో ఏ విత్తనం ఎప్పుడు వేయాలో వ్రాసుకోండి.