డీజిలులో నీళ్లు – విహార పడవ ఇంజను నది మధ్యలోనే ఎందుకు ఆగుతుంది?

గుత్తి హాస్టల్ వార్షికోత్సవ సంచికలో పడవల మీద వ్యాసమేమిటని మీరు నవ్వుకోవచ్చు. మన కోట ఎక్కి నాలుగు దిక్కులా చూసినా పడవ తేలేంత నీళ్లు కనబడవు. రాష్ట్రంలోకెల్లా తక్కువ వాన పడే జిల్లా మనది. కానీ గుత్తి పేరు చెప్పగానే రైల్వేవాళ్లకు కోట కంటే ముందు డీజిల్ షెడ్డు గుర్తుకొస్తుంది. ఈ ఊళ్లో చదువుకున్న పిల్లలకు డీజిలు వాసన కొత్త కాదు. పదో తరగతి అయ్యాక ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ ట్రేడు తీసుకున్నవాళ్లు మన హాస్టల్‌లో ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మేము ముగ్గురమూ అలా వెళ్లినవాళ్లమే. ఒకరు రైలింజన్ల దగ్గర, ఒకరు ట్రాక్టర్ల షెడ్డులో, ఒకరు గోదావరి మీద పాపికొండలకు వెళ్లే విహార లాంచీలో పని నేర్చుకున్నాం. పండగలకు కలిసినప్పుడు మా మాటలన్నీ ఇంజన్ల మీదికే పోతాయి. ఆ మాటల్లోంచే ఈ వ్యాసం పుట్టింది.

మూడు రకాల ఇంజన్లకూ శత్రువు ఒక్కటే: డీజిలు ట్యాంకు అడుగున చేరే నీళ్లు. కానీ నష్టం ఒక్కలా ఉండదు. ట్రాక్టరు ఆగితే గట్టు మీద కూర్చుని మెకానిక్ కోసం ఎదురు చూడవచ్చు. రైలింజను ఆగితే వెనక సిగ్నలు ఎర్రగానే ఉంటుంది, ఇంకో ఇంజను వచ్చి లాక్కుపోతుంది. లాంచీ ఆగితే నది ఆగదు. ఇంజను తిరిగినంత సేపే చుక్కానికి బలం. తిరగడం మానగానే ప్రవాహం ఎటు తీసుకుపోతే అటే. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో విహార పడవ మునిగి ఎంతోమంది చనిపోయిన సంగతి మీకు తెలుసు. దానికి డీజిలు కారణమని మేము చెప్పడం లేదు. అది వరద రోజుల్లో జరిగిన ప్రమాదం. ఆ నది ఎలాంటిదో తెలియడానికి మాత్రమే ఆ మాట ఎత్తాం. అలాంటి చోట ఇంజను దగ్గర కూర్చునే కుర్రవాడికి ఫిల్టరు గిన్నెలో రెండు వేళ్ల నీళ్లు కనబడితే ఏం చేయాలో తెలిసి ఉండాలి. ఆ కుర్రవాడు రేపు మీలో ఒకరు కావచ్చు.

మన మెస్సులో చారు గిన్నె చూడండి. నూనె పైన తేలుతుంది, నీళ్లు కింద ఉంటాయి. డీజిలు కూడా అంతే. లీటరు నీళ్లు కిలో తూగితే లీటరు డీజిలు సుమారు 820 నుంచి 845 గ్రాములు తూగుతుంది. అందుకని ట్యాంకులోకి ఏ దారిన వచ్చిన నీరైనా చివరికి అడుగుకే చేరుతుంది. మరి మూత పెట్టిన ట్యాంకులోకి నీళ్లెలా వస్తాయి?

ప్రతి ట్యాంకుకూ గాలి గొట్టం ఒకటి ఉంటుంది. డీజిలు ఖర్చయ్యే కొద్దీ దాని గుండా గాలి లోపలికి రావాలి, లేకపోతే పంపు లాగలేదు. పగలు ట్యాంకు వేడెక్కితే లోపలి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడితే బయటి గాలి లోపలికొస్తుంది. అంటే ట్యాంకు రోజూ ఊపిరి తీస్తుంది. నది మీది గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ తేమ చల్లని ట్యాంకు గోడకు చెమటలా పట్టి కిందికి జారుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి ఎక్కువ, చెమటా ఎక్కువ. పుస్తకాలన్నీ చెప్పే కారణం ఇదే. మేము చూసినంతలో మాత్రం ఇంతకంటే పెద్ద దొంగ ఇంకొకటి ఉంది. పడవ పైతట్టు మీద డీజిలు పోసే మూత. దాని కింది రబ్బరు వాషరు ఎండకు బీటలు వారితే, వాన నీళ్లూ పైతట్టు కడిగిన నీళ్లూ నేరుగా ట్యాంకులోకే దిగుతాయి. వాషరు ఖరీదెంత? దాన్నెవరూ మార్చరు. మూడో దారి డబ్బాలు, పీపాలు. ఒడ్డున ఆరుబయట నిలబెట్టిన పీపా తల మీద వాన నీళ్లు నిలుస్తాయి. రాత్రి పీపా చల్లబడి ఊపిరి లోపలికి లాగినప్పుడు బిరడా మరల సందుల్లోంచి ఆ నీళ్లను కూడా లాక్కుంటుంది.

నీళ్లు చేరడంతో కథ మొదలవుతుంది, అయిపోదు. డీజిలుకూ నీళ్లకూ మధ్య ఉండే ఆ సన్నని పొరలో బూజు, బాక్టీరియా పుడతాయి. కిరసనాయిలునూ డీజిలునూ తిని బతికే ఒక బూజుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హార్మోకోనిస్ రెసినే. దానికి తాగడానికి నీళ్లు కావాలి, తినడానికి డీజిలు కావాలి. రెండూ ఒకచోట దొరికితే నల్లటి, గోధుమరంగు జిగురు చాపలా పెరుగుతుంది. వదిలే ఆమ్లం ట్యాంకు ఇనుమును తింటుంది. దీనికి తోడు డీజిలు తనంతట తానే ముసలిదవుతుంది. మనలాగా 30 డిగ్రీలు దాటి ఎండలు కాసేచోట నిల్వ ఉంచిన డీజిలు 6 నుంచి 12 నెలలకు మించి మంచిగా ఉంటుందని నమ్మరాదు. రంగు ముదిరి జిగట అడుగుకు దిగుతుంది. బయోడీజిల్ కలిసిన డీజిలయితే నీటిని ఇంకా ఎక్కువ పట్టి ఉంచుతుంది, బూజుకూ అది ఇష్టమైన తిండే.

నూనె గింజల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును శనక్కాయ నూనెతో నడిపి చూపించారు. మన జిల్లా పంటతో! ఈ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1913లో ఓడలో ఇంగ్లండుకు వెళ్తూ రాత్రి వేళ మాయమయ్యాడు, తర్వాత శవమే దొరికింది. సరే, అసలు విషయానికి వద్దాం.

అడుగున మడ్డి ఉన్న లాంచీ ఒడ్డున కట్టేసినప్పుడు చక్కగా స్టార్టు అవుతుంది. నిశ్చలంగా ఉన్న నీళ్ల మీద గంటలు గంటలు నడుస్తుంది. ఎందుకంటే డీజిలు లాగే గొట్టం ట్యాంకు అడుగు కంటే కొంచెం పైకి ఉంటుంది. మన హాస్టల్ నీళ్ల ట్యాంకు కుళాయిలాగే. అడుగున బురద ఉన్నా పైనుంచి తేట నీళ్లే వస్తాయి. ఆ ట్యాంకును ఎవరైనా గట్టిగా ఊపితే? లాంచీ మలుపు తిరిగి సుళ్లు ఉన్న చోటికి వెళ్లినప్పుడు అదే జరుగుతుంది. నెలల తరబడి పడుకున్న మడ్డి లేచి గొట్టంలోకి వెళ్తుంది, ఫిల్టరు మూసుకుపోతుంది, ఇంజను దమ్ము తగ్గి కొట్టుకులాడి ఆగిపోతుంది. ఇంజను బలం ఎక్కడ ఎక్కువ కావాలో సరిగ్గా అక్కడే ఆగుతుందన్న మాట. ఒడ్డున అరగంట నడిపి చూసి బాగుందనుకోవడం పరీక్ష కాదని మేము గట్టిగా చెప్పేది ఇందుకే.

ఫిల్టరు దాటి నీళ్లు ముందుకు పోతే ఖర్చు మరీ పెద్దది. ఇంజక్షన్ పంపులో లోపలి ముక్కల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత సన్నని సందులో ఆ ముక్కలకు నూనె పూతనిచ్చేది డీజిలే, వేరే ఆయిలు ఉండదు. నీటి చుక్క పోతే పూత తెగి ముక్కలు గీసుకుపోతాయి, తుప్పు పట్టి అతుక్కుపోతాయి. నాజిల్ కొన కూడా దెబ్బ తింటుంది. కొత్త తరహా కామన్ రైల్ ఇంజన్లలో డీజిలు వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో వెళ్తుంది కాబట్టి అవి పాత ఇంజన్లంత ఓర్చుకోవు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమ్ముతున్న బి.ఎస్.-6 డీజిలులో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లే. గాలికి మంచిదే. కాని గంధకం తీసే పద్ధతిలో డీజిలుకు సహజంగా ఉండే జారుడు గుణం కూడా తగ్గుతుంది, దాన్ని రిఫైనరీలో మందు కలిపి సరిచేస్తారు. అలాంటి డీజిలులో చవకని కిరసనాయిలు కలపడమంటే ఆ సరిచేసిన గుణాన్ని మళ్లీ పోగొట్టడం. పెట్రోలు మాట అసలు ఎత్తవద్దు. మూసి ఉన్న ఇంజను గదిలో ఆ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇక చేయవలసింది. పొద్దున ఇంజను స్టార్టు చేయక ముందే, రాత్రంతా పడవ కదలకుండా నీళ్లు అడుగున కూర్చున్నప్పుడే, ట్యాంకు కింది డ్రెయిన్ కాకు కొంచెం తిప్పి గాజు సీసాలోకి పట్టండి. ప్లాస్టిక్ మగ్గులో పడితే ఏమీ తెలియదు. సీసాను కాసేపు కదలకుండా ఉంచి వెలుతురుకు ఎత్తి చూడండి. మంచి డీజిలు తేటగా మెరుస్తుంది. అడుగున వేరే గీత కనబడితే నీళ్లు. మబ్బు పట్టినట్టుంటే నీటి తుంపరలు ఇంకా విడిపోలేదు. నల్లటి తునకలు తేలితే బూజు. తేట డీజిలు వచ్చేదాకా వదలాలి. అలాగే ఇంజను ముందున్న వాటర్ సెపరేటర్ గిన్నెను కూడా రోజూ చూడాలి. బంకుల్లో కొలబద్ద కొనకు రాసే నీళ్ల పేస్టు ఒకటి ఉంటుంది, నీరు తగిలిన మేర రంగు మారుతుంది. డ్రెయిన్ కాకు లేని ట్యాంకుకు అది మంచి సాధనం.

ఫిల్టర్లు రెండు వరసల్లో ఉంటాయి. మొదటిది 10 నుంచి 30 మైక్రాన్ల ముతక రకం, నీళ్లను విడదీస్తుంది. రెండోది ఇంజను మీదుండే సన్న రకం. మొదటి దానికి ముందు సన్నది పెడితే ఇంకా మంచిదని కొందరు అతి తెలివి చూపిస్తారు. అది తొందరగా మూసుకుపోయి పంపుకు ఊపిరాడకుండా చేస్తుంది. లాంచీలో ఎప్పుడూ రెండు జతల కొత్త ఫిల్టర్లు, వాషర్లు, స్పానర్లు ఇంజను పక్కనే ఉండాలి, ఒడ్డున ఓనరు గదిలో కాదు.

ఫిల్టరు మార్చగానే పని అయిపోదు. లైనులో గాలి చేరితే డీజిల్ ఇంజను తిరగదు. ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉంటే మొదట నురుగు, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని ధార వస్తుంది. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి, తర్వాత ఇంజక్షన్ పంపు దగ్గర అదే పని. లంగరు వేసి ఉన్నప్పుడు గడియారం పెట్టుకుని ఈ పని చేసి చూడండి. మాలో లాంచీ పని చేసినాయన పాత డ్రైవరు దగ్గర దీన్ని కళ్లు మూసుకుని నేర్చుకున్నాడు. ఎందుకంటే పొగ నిండిన ఇంజను గదిలో, పైన జనం అరుస్తుంటే, చూసి చేసే వీలుండదు.

బూజును చంపే మందులు బజారులో దొరుకుతాయి. మందు నీళ్లను మాయం చేయదు, ముందు నీళ్లు తీయాలి. డబ్బా మీద రాసిన కొలతే వేయాలి, చేతులకు రబ్బరు తొడుగులు తప్పవు. ఇంకొకటి, చచ్చిన బూజు ఎక్కడికీ పోదు, తునకలై ఫిల్టరుకే వస్తుంది. కాబట్టి మందు వేసిన రోజు జనాన్ని ఎక్కించకూడదు. బాగా పాడైన ట్యాంకుకు మందు కాదు, వడపోత కావాలి. చిన్న పంపుతో అడుగు నుంచి డీజిలు లాగి, పెద్ద ఫిల్టరు గుండా పంపి, అదే ట్యాంకులో వేగంగా పోస్తూ గంటల తరబడి తిప్పితే మడ్డి లేచి ఫిల్టరుకు పడుతుంది. గోడలకు అంటుకున్నదాన్ని మ్యాన్‌హోల్ మూత తీసి బయటి నుంచి గీకాలి.

బయటి నుంచి అన్నాం. తమ్ముళ్లూ, ఇక్కడ ఒక నిమిషం ఆగండి. పెద్ద పడవల్లో, పెద్ద ట్యాంకుల్లో "లోపలికి దిగి తుడువు" అని కొత్తగా చేరిన హెల్పరుకు చెప్పడం మామూలు. హెల్పరుగా చేరేది మనలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. మూసి ఉన్న ట్యాంకులో ఆవిరి నిండి ఉంటుంది, ఊపిరికి చాలినంత గాలి ఉండకపోవచ్చు. తుప్పు పట్టే ఇనుము కూడా లోపలి ఆక్సిజన్‌ను తినేస్తుంది. మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు, కాపాడబోయి దిగిన రెండో మనిషి కూడా పడతాడు. గాలి పంకాతో గాలి ఆడించకుండా, లోపలి గాలిని మీటరుతో చూడకుండా, నడుముకు తాడూ బయట కాపలా మనిషీ లేకుండా దిగవద్దు. పని పోతుందని భయపెట్టినా దిగవద్దు.

వరద కాలంలో, జులై నుంచి సుమారు అక్టోబరు దాకా, గోదావరి మీద విహార పడవలు కట్టేసి ఉంటాయి. డీజిలుకు అత్యంత చెడ్డ కాలం ఇదే, వానా ఉంటుంది, వాడకమూ ఉండదు. కట్టే ముందు నీళ్లు తీసి, వ్యాకోచానికి కొంచెం చోటు వదిలి ట్యాంకు నిండా పోయాలి, మూత వాషరు మార్చాలి. లేదా పూర్తిగా ఖాళీ చేసి తుడిచి ఆరబెట్టాలి. సగం సగం మాత్రం ఉంచవద్దు. తీసిన మురికి డీజిలును నదిలో పారబోయకుండా డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవాళ్లకు ఇవ్వండి. కింద ఊళ్లవాళ్లు తాగేది ఆ నీళ్లే.

మన ఊళ్లో పడవ లేకపోయినా జనరేటరు ఉన్నచోట ఇదంతా పనికొస్తుంది. నెలల తరబడి తిరగని జనరేటరు సరిగ్గా మార్చి పరీక్షల రాత్రి మొరాయించడం కూడా ఇదే జబ్బు. రెండు వారాలకోసారి అరగంట లోడు మీద నడపండి. పీపా ఉంటే నీడలో, దిమ్మల మీద అడ్డంగా పడుకోబెట్టండి. రెండు బిరడాలూ గడియారంలో 3, 9 అంకెలు ఉండే చోట రావాలి. అప్పుడు లోపలి వైపు డీజిలే తగిలి ఉంటుంది, నీళ్లు నిలిచే చోటు ఉండదు. జింకు పూత రేకుతో చేసిన డబ్బాల్లో నిల్వ చేయకండి, ఆ జింకు డీజిలుతో కలిసి సబ్బులాంటి జిగురై ఫిల్టరుకు పడుతుంది.