ఏడుసార్లు ‘రాలేదు’

సోమవారం పొద్దున్నే ఎడిటర్ గారు ఫోన్ చేశారు. “చమురు ధర పడినప్పుడల్లా గల్ఫ్‌లో పనులు పోతున్నాయి. ఆ దెబ్బ మీ చిక్కబళ్లాపురం వైపు ఎట్లా తగిలిందో చూసి రాయి. శుక్రవారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు పోవాలి” అన్నారు. చిక్కబళ్లాపురంలో ఒక రోజు, బాగేపల్లిలో ఒక రోజు తిరిగాను. చాలా మందితో మాట్లాడాను, చాలా రాసుకున్నాను. మూడో రోజు చింతామణి దగ్గర ఒక పల్లెలో, పట్టుపురుగుల షెడ్డులో, ఒక నోటుపుస్తకం చేతికొచ్చింది. అది చదివాక నేను రాసుకున్నవన్నీ చప్పగా కనబడ్డాయి.

జేబులో పట్టేంత పుస్తకం. అట్ట మీది నల్ల రెక్సిన్ మూలల్లో పెచ్చులూడి లోపలి గోధుమ రంగు అట్ట బయటపడింది. చెమటకు తడిసి ఆరిన కాగితాలు అప్పడంలా బిరుసెక్కాయి. ప్రతి పేజీలో స్కేలుతో కొట్టిన మూడు గడులు: తేదీ, గంటలు, ఓటీ (ఓవర్‌టైం). అంకెలు ఇంగ్లీషువి, మాటలు తెలుగువి. బడిలో కన్నడం చదివినా, సొంత లెక్కలు మాత్రం తెలుగులోనే రాసుకుంటానన్నాడు ఆ పుస్తకం గలాయన. ఆంధ్ర సరిహద్దున ఉన్న మా కర్ణాటక తాలూకాల్లో ఇది మామూలే. “పేరు మాత్రం వెయ్యొద్దప్పా, నాకు రావలసింది ఇంకా ఉంది” అన్నాడు. అందుకని ఇక్కడ ఆయన అన్న, అంతే.

అన్న సౌదీకి పోయింది 2007లో, కోలారు నుంచి చిక్కబళ్లాపురం విడిపోయి జిల్లా అయిన ఏడాదే. రెండు బోర్లు వేయించాడు. రెండూ ఎండిపోయాయి. అప్పు మిగిలింది. దేవనహళ్లి విమానాశ్రయం ఇంకా తెరవలేదు, 2008 మేలో కదా తెరిచింది. బెంగళూరు పాత విమానాశ్రయం నుంచే ఎక్కాడు. జుబైల్‌లో రిఫైనరీలకు మరమ్మతు పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో స్కాఫోల్డింగ్ పని. పైపులు నిలబెట్టి, క్లాంపులు బిగించి, పలకలు పరిచి, వెల్డర్లు ఎక్కేందుకు మంచె కట్టాలి. వాళ్ల పని అయిపోతే ఆ మంచెను మళ్లీ విప్పాలి.

చివరి సంవత్సరాల్లో మూల జీతం నెలకు 1,200 రియాళ్లు. దాన్ని ముప్పై రోజులకు, ఎనిమిది గంటలకు పంచితే గంటకు 5 రియాళ్లు. సౌదీ చట్టం ప్రకారం ఓటీ గంటకు దాని మీద సగం ఎక్కువ, అంటే ఏడున్నర. ఇంటి ఖర్చుకు జీతం, బోరు అప్పుకు ఓటీ అని అన్న విడదీసి పెట్టుకున్నాడు. ఓటీ గడిని నేను అంత శ్రద్ధగా చూడడానికి అదే కారణం. 2014 మొదట్లో ఆ గడి నిండా 3, 4, 3, 4. షట్‌డౌన్ పనులున్న నెలల్లో ఆరు కూడా ఉంది. 2015లో పేజీలు తిప్పుతుంటే అంకెలు పలచబడ్డాయి. ఎండాకాలానికి రోజుకు 1, తర్వాత వరసగా సున్నాలు. అదే కాలంలో ప్రపంచ మార్కెట్లో చమురు ధర ఎట్లా దిగిందో పేపర్లు గీతలు గీసి చూపించాయి. ఆ గీత అన్న పుస్తకంలో ఓటీ గడి అయింది. ఉద్యోగం పోవడం ఒక్కరోజులో జరగలేదని నాకు ఆ సున్నాలు చూశాకే అర్థమయింది. ముందు ఓటీ పోయింది, దాంతో బోరు అప్పు కంతు ఆగింది, ఊళ్లో వదిన కమ్మలు తాకట్టుకు పోయాయి. పని ఇంకా ఉన్నట్టే లెక్క.

తర్వాత 2016. ఇక్కడ పేజీలో గడులు లేవు. నెల పేరు, పక్కన ఒక్క మాట. జనవరి, రాలేదు. ఫిబ్రవరి, రాలేదు. జూలై దాకా అట్లా ఏడుసార్లు. మొదటి మూడూ ఒకే పెన్నుతో నిదానంగా రాసినవి. నాలుగోది పెన్సిలు. చివరిది ఎంత గట్టిగా ఒత్తి రాశాడంటే వెనక పేజీలో వేలికి తగులుతుంది.

అదే పుస్తకం రెండో వైపు నుంచి క్యాంపు అప్పులు మొదలవుతాయి. బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, ఖాతా 140. రాయచోటి డ్రైవర్ అన్న 50. మళ్లీ ఆయనే 20. ఫోన్ కార్డుకు 10. ఒక చోట “ఖుబ్జ్, 1” అని ఉంది. ఒక రియాల్ రొట్టెలకు కూడా అప్పు రాసుకున్న మనిషి. ఆ ఒక్క వరుసను నేను రెండు మూడు సార్లు వేలితో తడిమాను.

ఇక ఆ కాగితం సంగతి. జూలై ఆఖరులో ఆఫీసు మనిషి క్యాంపుకు వచ్చి అందరికీ ఒక్కో కాగితం ఇచ్చాడట, అంతా అరబ్బీ. సంతకం పెట్టండి, ఎగ్జిట్ వీసా కొట్టిస్తాం, టికెట్ ఇస్తాం అన్నాడట. ఏడు నెలలుగా డబ్బు కళ్ల చూడనివాళ్లు, ఇంటికి పోతే చాలని వరస కట్టారు. “మాకు చదివేకి రాదు కదప్పా. రాయచోటన్న పదకొండేండ్ల నుంచి ఆడ ఉండాడు. కాగితం తీసుకొని చూసి, ఇది ఇస్తిఖాలారా, దీంట్లో వేలు పెట్టొద్దు అనె.”

ఇస్తిఖాలా అంటే రాజీనామా. ఆ ఒక్క మాట విలువ ఎంతో అన్న నాకు పుస్తకంలోనే చూపించాడు. సౌదీ కార్మిక చట్టం 84వ అధికరణం ప్రకారం కంపెనీయే పని నుంచి తీసేస్తే, మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం లెక్కన సేవాంత భత్యం ఇవ్వాలి. చివరి జీతమే లెక్కకు ఆధారం. అన్నకు తొమ్మిదేళ్లు: ఐదు ఆరువందలు 3,000, నాలుగు పన్నెండు వందలు 4,800, మొత్తం 7,800. కార్మికుడే మానేస్తే 85వ అధికరణం వర్తిస్తుంది: ఐదు నుంచి పదేళ్ల సర్వీసుకు అందులో మూడింట రెండు వంతులే, అంటే 5,200. సంతకం ఖరీదు 2,600 రియాళ్లు, రెండు నెలల జీతం పైమాటే. సర్వీసు తక్కువున్న కుర్రాళ్లకు మూడో వంతే దక్కుతుంది, రెండేళ్లు నిండనివాళ్లకు అదీ లేదు. తీసేస్తున్న మనిషి చేత తనంతట తానే మానుకుంటున్నట్టు రాయించుకోవడం నా దృష్టిలో జీతం ఎగ్గొట్టడంతో సమానం. చమురు ధర పడితే కంపెనీలకు డబ్బు ఆడకపోవచ్చు, అది నేను ఒప్పుకుంటాను. ఆ కాగితానికి మాత్రం చమురు ధరతో పని లేదు.

అన్న సంతకం పెట్టలేదు. పక్క మంచాల వాళ్లు చాలా మంది పెట్టారు. అన్న సంతకం లేని ఆ కాగితాన్ని మడిచి ఈ పుస్తకంలోనే దాచుకున్నాడు. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించాడు. రాయబార కార్యాలయం మనుషులు వచ్చినప్పుడు బాకీ వివరాలు రాయించి, ఊరికి వచ్చేశాడు. 7,800కు ఏడు నెలల జీతం 8,400 కలిపితే 16,200 రియాళ్లు. ఆ అంకె చుట్టూ పుస్తకంలో రెండు గీతలతో పెట్టె కట్టి ఉంది.

వెనక చరిత్ర క్లుప్తంగా చెప్పాలి: 1973లో చమురు ధర ఎగిసాక గల్ఫ్‌లో కట్టడాలు, వాటి వెంట మన కడప, గోదావరి, కరీంనగర్, నిజామాబాదు మనుషులు; 1983లో ఎమిగ్రేషన్ చట్టం; 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమిస్తే లక్షన్నరకు పైగా భారతీయులు విమానాల్లో వెనక్కి; 2014 జూన్‌లో పీపా 115 డాలర్లున్న బ్రెంట్ చమురు 2016 జనవరిలో 28కి దిగువకు; 2015లోనే సౌదీ బడ్జెట్ లోటు 36,700 కోట్ల రియాళ్లు; కాంట్రాక్టర్లకు బిల్లులు నిలిచి బిన్‌లాడిన్ గ్రూపులో వేలాది మంది తొలగింపు; 2016 జూలై 30న విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ఆకలితో ఉన్న మనవాళ్లకు తిండి పెట్టమని సౌదీలోని భారతీయులను ట్విట్టర్‌లో కోరడం; జెద్దా క్యాంపుల్లో జీతాల్లేక నిలిచిపోయిన మనవాళ్లు పనిచేసిన సౌదీ ఓజర్ 2017 జూలై 31న మూతపడడం; 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ధర సున్నా కిందికి, మైనస్ 37.63 డాలర్లకు పోవడం. ఆ ఏడాదే మే 7 నుంచి కరోనా కాలపు వందే భారత్ విమానాల్లో మళ్లీ అదే తిరుగుముఖం.

ఊరికొచ్చిన అన్న చేతిలో ఏముంది? మంచె కట్టే పని. మల్బరీ తోటను వదిన అప్పటికే కౌలుకు తీసుకుని ఉంది. షెడ్డులో మేత పలకల స్టాండు వెదురుతో కట్టి ఉంటే, పురుగు బరువుకు ఒక వైపు కుంగింది. అన్న దాన్ని విప్పేసి, పాత ఇనుప పైపులు కొని, క్లాంపులు బిగించి, మూడంతస్తుల స్టాండు నిలబెట్టాడు. నేను ఊపి చూశాను, కదల్లేదు. “రిఫైనరీలో అరవై అడుగులు కట్టిండా, ఇది ఎంతలే” అన్నాడు. ఇరవై ఐదు రోజుల చిల్లరకు ఒక పంట. నాలుగు జ్వరాలు (కుబుసం విడిచే దశలు) దాటి పురుగు పండితే గూళ్లు కట్టే చంద్రికల మీదికి ఎక్కించాలి. గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్‌కు పోతాయి. “ధర తక్కువైనా ఆ పొద్దే లెక్క తేలుతుంది. ఏడు నెలలు ఎవురూ నిలబెట్టరు” అంది వదిన, ఆకు తరుగుతూ. పుస్తకంలో ఇప్పుడు గూళ్ల కిలోలు, ధరలు ఉన్నాయి. గడులు మాత్రం అవే మూడు.

పక్క పెట్టె: చింతామణి బస్టాండు

మదనపల్లె నుంచి బెంగళూరు పోయే బస్సులు చింతామణిలో ఆగుతాయి. ప్లాస్టిక్ తాడుతో కట్టిన పెట్టెలు కనబడితే కువైట్‌కో సౌదీకో పోయే మనిషని మాకు చిన్నప్పటి నుంచి తెలుసు. బాగేపల్లి టోల్‌గేటు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీదా ఇదే దృశ్యం. పోయేవాళ్ల పెట్టెల్లో ఊరగాయ, వచ్చేవాళ్ల పెట్టెల్లో కంబళ్లు.

పక్క పెట్టె: సంచిలో ఉండవలసినవి

కాంట్రాక్టు, ఇకామా (నివాస అనుమతి కార్డు), జీతం చీటీల ఫోటోలు ఊళ్లో ఇంకొకరి ఫోన్లో కూడా ఉంచుకోవాలి. పని ముగిసిన 12 నెలల లోపే సౌదీ కార్మిక న్యాయస్థానం ఫిర్యాదు తీసుకుంటుంది. కంపెనీయే తీసేస్తే వారంలోగా లెక్క తేల్చాలని 88వ అధికరణం చెబుతుంది. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఇంటి నుంచి కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ప్రవాసీ భారతీయ బీమా ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు ఇస్తుంది; బాకీపడ్డ జీతం దాని కిందికి రాదు. అది రావాలన్నది నా గట్టి కోరిక.

పక్క పెట్టె: మనీలాకు అందిన చెక్కులు

అన్న పని పోయిన రోజుల్లోనే సౌదీలో పనులు పోగొట్టుకున్న దాదాపు పదివేల మంది ఫిలిప్పీన్స్ కార్మికుల జీతాలకు 200 కోట్ల రియాళ్లు కేటాయిస్తామని 2022 నవంబరులో సౌదీ యువరాజు ఆ దేశాధ్యక్షుడికి మాటిచ్చారు. 2024 నుంచి చెక్కులు అందడం మొదలైంది. ప్రభుత్వం వదలకుండా అడిగితే ఎనిమిదేళ్ల తర్వాత కూడా డబ్బు వస్తుందన్నమాట. ఈ సంగతి చెప్పినప్పుడు అన్న పురుగులకు ఆకు వెయ్యడం ఆపి నా వైపు చూశాడు. “మనోళ్లు అడిగినారా?” అన్నాడు.

అన్న పుస్తకంలో ఆఖరి పేజీ మరో రకం. ప్రతి ఉగాదికి ఆ రోజు రియాల్ ఎంతో రాస్తాడు. ఊరికొచ్చిన ఏడాది 17 రూపాయల 80 పైసలు. ఆ లెక్కన 16,200 రియాళ్లు 2,88,000 పైచిలుకు. ఈ ఉగాదికి రియాల్ 22 రూపాయలు దాటింది, బాకీ మూడున్నర లక్షలు దాటింది. కింద స్కేలుతో ఇంకో గీత కొట్టి, వచ్చే ఉగాదికి చోటు వదిలాడు.