నీళ్ల కింద ఊపిరి ఎట్లా తీస్తారు?

బిందె జారి బావిలో పడింది. ఏం చేస్తారు? ముందు తాడుకు కొక్కెం కట్టి వెతుకుతారు. అందకపోతే ఈత బాగా వచ్చిన పిల్లవాడిని పిలుస్తారు. వాడు గట్టిగా ఊపిరి పీల్చుకుని మునుగుతాడు. గట్టు మీద ఉన్నవాళ్లు కూడా వాడితోపాటు ఊపిరి బిగబడతారు. వాడు తేలేదాకా ఎవరి ప్రాణమూ కుదుటపడదు.

అగళి వైపు ఇప్పుడు బోర్లు వచ్చాయి. బావుల వాడకం తగ్గింది. అయినా వానలు బాగా పడిన ఏడాది బావులు, చెరువులు నిండుతాయి. పిల్లలు ఈతకు పోతారు. అందుకే నీళ్ల కింద ఊపిరి సంగతి తల్లులకు తెలియాలి.

ఊపిరి బిగబట్టి మునిగినవాళ్లు మామూలుగా ఒక నిమిషం ఉండగలరు. మరి గంటసేపు నీళ్ల కింద పనిచేసేవాళ్లు ఎట్లా ఉంటారు?

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఒక పర్యాటకుల పడవ మునిగిపోయింది. చాలామంది చనిపోయారు. పడవను బయటికి తీయడానికి నెల దాటింది. అక్టోబరు 22న లాగగలిగారు. దానికోసం విశాఖపట్నం నుంచి వచ్చిన గజ ఈతగాళ్లు నది అడుగుకు దిగి పడవకు తాళ్లు కట్టారు. ఇట్లా లోతుకు దిగేవాళ్లు తమ గాలిని తామే మోసుకుపోతారు. వీపుకు సిలిండరు ఉంటుంది. దానినుంచి ఒక గొట్టం నోటికి వస్తుంది. గొట్టం చివర రెగ్యులేటరు అనే పరికరం ఉంటుంది. పీల్చినప్పుడే అది గాలిని ఇస్తుంది. దీన్ని 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యా అనే ఇద్దరు తయారుచేశారు.

చూసినవాళ్లు దాన్ని ఆక్సిజన్ సిలిండరు అంటారు. మామూలుగా దాంట్లో ఉండేది మనం పీల్చే గాలే. బాగా ఒత్తి నింపుతారు. ఉత్త ఆక్సిజన్ పీలుస్తూ 20 అడుగులు దాటి పోతే అదే విషమవుతుంది.

దిగేవాళ్లకు నేర్పే మొదటి మాట ఒకటే. ఊపిరి బిగబట్టకూడదు! బావిలో మునిగే పిల్లవాడు చేసేదానికి ఇది పూర్తిగా తిరగబడిన మాట. ఎందుకు?

ఒక బుడగను ఊది, మూతి కట్టి, 33 అడుగుల లోతుకు తీసుకుపోయామనుకోండి. పైనున్న నీళ్ల బరువుకు అది సగం అయిపోతుంది. పైకి తెస్తే మళ్లీ మొదటి సైజుకు వస్తుంది. బావిలో మునిగిన పిల్లవాడి ఊపిరితిత్తులు ఇట్లాంటివే. వాడు గట్టుమీది గాలినే తీసుకుపోయాడు, దాన్నే తిరిగి తెస్తాడు. ఏమీ కాదు.

ఇప్పుడు అదే బుడగను అడుగునే, సిలిండరు గాలితో నిండా నింపి పైకి తెచ్చామనుకోండి. రెండింతలు ఉబ్బుతుంది. పగులుతుంది. సిలిండరుతో దిగిన మనిషి ఊపిరి బిగబట్టి పైకి వస్తే వాళ్ల ఊపిరితిత్తులూ అట్లాగే చినుగుతాయి. దీనికి దండిగా లోతు కూడా అక్కరలేదు. నాలుగు అడుగుల నీళ్లు చాలు. అందుకే పీల్చడం, వదలడం ఒక్క క్షణం కూడా ఆపరు. పైకి వచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్తగా వదులుతూ వస్తారు.

రెండో మాట, మెల్లగా పీల్చాలి. వదిలేటప్పుడు ఇంకా మెల్లగా, పూర్తిగా వదలాలి. భయపడినవాళ్లు కుక్క రొప్పినట్టు గబగబా పీలుస్తారు. ఆ గాలి గొంతు గొట్టందాకా పోయి వెనక్కి వస్తుంది. లోపలి చెడ్డగాలి, అంటే బొగ్గుపులుసు వాయువు, లోపలే నిలుస్తుంది. దాంతో భయం ఇంకా పెరుగుతుంది. గాలీ తొందరగా అయిపోతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి, 2,400 లీటర్ల గాలి ఒత్తి నింపిన సిలిండరు గట్టు మీద రెండు గంటలు వస్తుంది. 33 అడుగుల లోతులో గంటే వస్తుంది. 66 అడుగుల్లో 40 నిమిషాలే. అదైనా మొత్తం వాడుకోరు, కొంత మిగిల్చుకుని పైకి వస్తారు.

పైకి వచ్చేటప్పుడు తొందర పనికిరాదు. గోలీసోడా కొట్టగానే బుస్సున బుడగలు పొంగుతాయి కదా. లోతులో ఎక్కువసేపు ఉన్న మనిషి రక్తంలో కూడా గాలి కరిగి ఉంటుంది. ఒక్కసారిగా పైకి వస్తే అది బుడగలై కీళ్లలో, వెన్నులో చేరుతుంది. కాళ్లు చేతులు పడిపోవచ్చు. అందుకే నిమిషానికి 30 అడుగులు మించకుండా వస్తారు. 15 అడుగుల దగ్గర మూడు నిమిషాలు ఆగుతారు.

సిలిండరు లేకుండా ఇదే పనితో బతికే ఆడవాళ్లు ఉన్నారు. కొరియాలో జెజూ అనే దీవి ఉంది. అక్కడ సముద్రం అడుగున నత్తలు ఏరేవాళ్లను హెన్యో అంటారు. డెబ్బై ఏళ్ల అవ్వలు కూడా దిగుతారు. తేలగానే ఈల వేసినట్టు ఊపిరి వదులుతారు. ఎవరూ ఒంటరిగా పోరు. 2016లో యునెస్కో వాళ్ల విద్యను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఇక మన పిల్లల సంగతి. ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారో అని పందెం కాస్తారు. గెలవాలని మునిగే ముందు పదిసార్లు గబగబా గాలి పీల్చి వదులుతారు. ఇది చాలా ప్రమాదం. మనకు ఊపిరి ఆడడం లేదని తెలిపేది లోపలి బొగ్గుపులుసు వాయువే. గబగబా ఊదితే అది బయటికి పోతుంది. ప్రాణవాయువు అయిపోతున్నా పిల్లవాడికి తెలియదు. కేక ఉండదు, కొట్టుకోవడం ఉండదు. నీళ్లలోనే స్పృహ తప్పుతాడు. గట్టు మీదివాళ్లు పందెం గెలుస్తున్నాడనే అనుకుంటారు.

అట్లా జరిగితే వెంటనే బయటికి తీయాలి. తలకిందులుగా వేలాడదీయకూడదు. పొట్ట నొక్కకూడదు. దాంతో కాలం పోతుంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి అయిదుసార్లు ఊదాలి. అప్పటికీ కదలిక లేకపోతే రొమ్ము మధ్యన గట్టిగా నొక్కుతూ, మధ్యమధ్యలో నోట్లో ఊదుతుండాలి. ఇంకొకరు 108కి ఫోను చేయాలి.